ఉప్పేసిన బత్తాయి రసం

"ఆపు చెయ్యి!"

సవరమ్మ కేకకు, బత్తాయి రసంలో ఉప్పు చల్లబోతున్న సంసోను వేళ్లు గ్లాసు మీదే ఆగిపోయాయి.

"బీపీ ఉన్నోనివి, ఉప్పేందయ్యా?"

"డాక్టరమ్మ చక్కెర వద్దన్నది. ఉప్పు మాట ఎత్తలే."

"నువ్వు రసంల ఉప్పేసుకుంటవని ఆమెకు కలొచ్చిందా? రోజుకు ఎన్ని తాగుతున్నవ్?"

"మూడు."

"గోళీలు తప్పొద్దు, రసం చిన్న గ్లాసు ఒక్కటే అన్నది గదా!"

"గోళీలు ఏసుకుంటున్నలే. ఒక్క గ్లాసుకే రక్తనాళాలు మెత్తబడ్తయని ఆమెనే అన్నది, మూడింటికి ఇంకా జల్దీ మెత్తబడ్తయ్ గదా."

సవరమ్మ పకపకా నవ్వింది. "మీ పేపరు మిల్లుల వెదురు ఉడకబెట్టి గుజ్జు జేసినట్టు చేద్దామనుకున్నవా?"

సంసోను నవ్వలేదు. "వచ్చే నెల నాకు యాభై నాలుగు నిండుతయ్. మా నాయనకు పక్షవాతం వచ్చింది ఆ వయసులనే."

ఇన్నాళ్లూ అది నాలుక చపలత్వమే అనుకుంది సవరమ్మ. కాపురానికి వచ్చింది మొదలు ఈ మనిషి భయమన్న మాట అనగా వినలేదు. ఆ భయాన్నే పూటకో గ్లాసు చొప్పున లోపలికి దిగమింగుతున్నాడని ఇప్పుడు తెలిసింది.

ఉప్పు డబ్బాను పై అరలో పెట్టి, ఇంకో గ్లాసు తెచ్చి రసంలో సగం ఒంపుకుంది.

"అరె, అది నా మందు!"

"నీ ఒక్కనికే నాళాలున్నయా? నువ్వు తొంభై ఏండ్లు బతికి, కూరల ఉప్పు తక్కువైందని రోజూ లొల్లి చేస్తుంటే, తిట్టేతందుకు నేనుండొద్దా? తాగు."