ముగ్గురి కాపలా

“డబ్బాలో చెనిక్కాయ ఉండ ఒకటి తగ్గింది,” అంది ప్రసూన.

“చీమలు తిని ఉంటాయి,” అన్నాడు దివాకర్.

“మూత తిప్పి తీసి, తిన్నాక మళ్లీ బిగించి పెట్టే చీమలా?”

“ఈ కాలం చీమలు చాలా తెలివైనవి.”

“తెలివైనవే. మూతికంటిన బెల్లం తుడుచుకోవడమే ఇంకా నేర్చుకోలేదు.”

దివాకర్ చప్పున మూతి తుడుచుకున్నాడు. మొగుడూ పెళ్లాల వాదన అక్కడితో ముగిసింది.

ఇదంతా ఆ డాక్టరు పెట్టిన చిచ్చు. ఆస్పత్రి ఒక్కటే చక్కెర జబ్బును లొంగదీయలేదు, ఊరంతా చెయ్యి వేయాలి అన్నాడు గ్రామసభలో. జబ్బున్న ప్రతి మనిషినీ ముగ్గురికి అప్పజెప్పించాడు. ఇంట్లో ఒకరు, వీధిలో ఒకరు, అంగట్లో ఒకరు. తిండి, నడక, మాత్ర అన్నీ వాళ్లే కనిపెట్టుకుని ఉండాలి. దివాకర్ ఆ సభలో మొదటి నుంచి చివరి దాకా ఉన్నాడు. అందరికంటే ఎక్కువ ఉత్సాహం అతనిదే. ఆ ఏర్పాటు తన నోటికే తాళం వేస్తుందని అప్పుడు తట్టలేదు.

ఇంట్లో ఓడినవాడు అంగడి దారి పట్టాడు. బెళుగుప్ప రోడ్డు మీద, వానల్లేక వాడిపోయిన చెనిక్కాయ చేల పక్కన, నల్లప్ప టీ అంగడి. నల్లప్ప అడక్కుండానే చక్కెర లేని టీ తెచ్చి పెట్టాడు.

“ఒక్క చెంచా ఎయ్యప్పా. ఎవరికీ చెప్పను.”

“మీరు చెప్పరు సారూ. ఈడ బెంచీ మింద కూర్చున్నోళ్లంతా చెప్తారు.”

“ఆ డాక్టరుకు బుద్ధి లేదు. టీ అంగడికి వైద్యం అప్పజెప్తారా యాడన్నా?”

నల్లప్ప పకపకా నవ్వాడు. “ఆయప్ప సంగతి మాకంటే మీకే బాగా తెలుసు గదా సారూ.”

“తెలుసు. మాటలెక్కువ, చేత తక్కువ.”

బెంచీ అంతా నవ్వింది.

చప్పటి టీ మింగి లేచేసరికి ఎదురుగా ఆశా కార్యకర్త తిప్పమ్మ. ఆమె చూపు అతని కాలి మీదే ఉంది. పోయిన నెల బొటనవేలికి తగిలిన రాయి దెబ్బ ఇంకా మానలేదు. మేజోడు తొడిగి పుండును దాచాడు గానీ, కుంటు దాగలేదు.

“పరీక్షకు రక్తం ఎప్పుడిస్తారు సారూ?”

“తీరిక యాడుంది తిప్పమ్మా? రేపు చూస్తాం.”

“మా వీధిలో ఎవరన్నా ఈ మాటంటే ఆ డాక్టరు ఎట్లా తిడతాడో మీకు తెల్దా?”

“ఆయప్పకు తిట్టడమొక్కటే వచ్చు,” అంటూ దివాకర్ జారుకున్నాడు.

ఆదివారం కాబట్టి మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ కలిసే సంగటికి కూర్చున్నారు. దివాకర్ తల్లి సుబ్బలక్ష్మమ్మ తన ముందున్న ఊరగాయ జాడీని పక్కకు జరిపింది.

“ఒక ముక్క ఏసుకోమ్మా, ఏం కాదులే,” అన్నాడు దివాకర్.

“బీపీకి ఉప్పు పనికిరాదని ఆ డాక్టరు చెప్పినాడు. ఆయప్ప మాట నేను వింటాండా. నువ్వే వినవు.”

దివాకర్ నవ్వబోయాడు. తల్లి నవ్వలేదు. అతను ముడిచి దాచుకున్న కాలి వైపే చూస్తోంది.

“మీ నాయనకు గూడా ఇట్లనే చిన్న పుండు. రేపు చూపిస్తా, రేపు చూపిస్తా అంటానే ఉండె. కడాకు మోకాలి దాకా కాలు తీసేసిరి.”

ముద్ద అతని చేతిలోనే ఆగిపోయింది. ప్రసూన పప్పు గరిటె గిన్నెలో వదిలేసి అతని ముఖం వంక చూసింది.

“సరే,” అన్నాడు చివరికి. “రేపు పరగడుపున ఆస్పత్రికి పోయి, అందరితో పాటు వరసలో నిలబడి రక్తం ఇస్తా. పుండుకు కట్టు కట్టించుకుంటా. మాత్రలు మింగుతా. చాలా?”

“చాలు నాయనా,” అంది సుబ్బలక్ష్మమ్మ, “కానీ ఆ ఆస్పత్రికి ఉన్న ఒక్క డాక్టరూ నువ్వే గదా, నువ్వే పోయి వరసలో నిలబడితే, మిగతావాళ్లను చూసేదెవరు?”