నీలం కలిసిన దారం

రీలా కొండ మీది వాతావరణ కేంద్రం మంచులో మునిగింది. అక్కడ ఒంటరిగా ఉన్న జహారి ఫోనుకు పలకడం లేదు. ఆయన బతికున్నట్టు గుర్తు దొరికితేనే ఈ రాత్రి రక్షకదళం కొండ ఎక్కుతుంది.

కింది కార్యాలయంలో ఆయన అన్న కూతురు వెలీనా ఫైళ్లు పంపే ప్రోగ్రాము తెరిచింది. తెరలో ఎడమ సగం తమ కంప్యూటరు, కుడి సగం కొండమీదిది. రాజద్వారపు కావలివాడంతటి అనుమానం గల ఆ ప్రోగ్రాము గంభీరంగా హెచ్చరించింది: అవతలి యంత్రం గుర్తు మారింది, మీరెరిగినది కాకపోవచ్చు.

"ఎవడో దొంగ, అక్కా! మూసెయ్," అన్నాడు పక్కనున్న తోటి ఉద్యోగి కమెన్.

"మూస్తే బాబాయ్ సంగతి ఎవరు చూస్తారు?" అంటూ ఆమె అంగీకారం నొక్కింది.

ఖాళీగా ఉన్న కుడి సగంలో ఒక ఫోల్డరు పుట్టింది. దాని పేరు "వెలీనా".

ఆమె ఇంకో ఫోల్డరు చేసి, "ఎవరు మీరు?" అని పేరు పెట్టింది.

చాలాసేపటికి దాని కింద మరొకటి వచ్చింది: "మార్చి దారంలో తెలుపు బదులు నీలం పేనావు. ఎవరికీ చెప్పొద్దన్నావు."

"బాబాయే!" వెలీనా కళ్లు చెమర్చాయి. మార్చి ఒకటిన చేతికి కట్టుకునే ఎరుపు తెలుపుల దారంలో ఆమె కలిపిన నీలం సంగతి వాళ్లిద్దరికే తెలుసు. అంతటి కావలివాడు తేల్చలేనిది ఒక నూలుపోగు తేల్చింది. కమెన్ రక్షకదళానికి ఫోను కలిపాడు.

అంతలో ఇంకో ఫోల్డరు: "నేను దొంగను కానని కమెన్‌కు చెప్పు."

దొంగ అన్న మాట గదిలో నోటితో అన్నదే తప్ప ఎవరూ టైపు చేయలేదు. కమెన్ తెరకేసి మరోసారి చూశాడు. అయినా ఫోను దించలేదు.

"మనిషి ఉన్నాడు, దుప్పట్లు ఎక్కువ తీసుకెళ్లండి," అన్నాడు రక్షకదళంతో.