పాత డబ్బా ఫిలిం

మధుకర్ తడి ఫిలింను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి నెత్తి పట్టుకున్నాడు. దండెం మీద ఆరేసిన తెల్ల దుప్పటిని పొద్దున్నే పరీక్ష కోసం ఫొటోలు తీశాడు. తెలుపు లేదు, నలుపు లేదు, అంతా బూడిద పూసినట్టుంది.

"చూసినవా? కొత్త డబ్బా ఫిలిం గిట్లనే ఏడుస్తదని నేను ముందే చెప్పిన," అని భార్య ఉమారాణికి చూపించి, ఆ రీలును చెత్తబుట్టలో పడేశాడు.

నిజామాబాద్ ఊరంతా సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకుంటుంటే మధుకర్ ఒక్కడే ఇంకా నలుపు తెలుపు ఫిలిం పట్టుకుని వేలాడుతున్నాడు. పొడుగాటి ఫిలిం డబ్బాలో తెప్పించుకుంటాడు. ఒక డబ్బాలాగా ఇంకో డబ్బా ఉండదనీ, కంపెనీ వాళ్లు ప్రతిసారీ ఏదో ఒకటి మారుస్తారనీ అతని గోల. నూట పద్నాలుగో నంబరు డబ్బా అంటే అతనికి ప్రాణం. కొత్తగా వచ్చిన నూట పదిహేను పేరెత్తితేనే అన్నం సయించదు.

డబ్బాలోని ఫిలింను కత్తిరించి రీళ్లు చుట్టే పని మాత్రం ఉమారాణిది. వెలుతురు సోకకుండా నల్లగుడ్డ సంచిలో చేతులు పెట్టి చుట్టాలి. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లు కదా, వాటికి కళ్లతో పని లేదు. రీలు మీద నంబరు రాసేదీ ఆమే.

ఆ రోజు రుద్రూర్ దగ్గర లింబయ్య చెరుకు గానుగలో ఆఖరిసారి బెల్లం వండుతున్నారు. గానుగను పాత ఇనుము కింద అమ్మేశాడు, మర్నాడు లారీ వస్తుంది. ఆ ఫొటో పంపమని హైదరాబాద్‌లో ప్రదర్శన పెట్టేవాళ్లు అడిగారు. ముప్పై ఏళ్లలో మధుకర్‌ను ఒకరు పిలిచి ఫొటో అడగడం అదే మొదలు. వేడికి ఫిలిం పాడవకుండా ఫ్రిజ్‌లో దాచుకున్న వాటిలో, పెరుగు గిన్నె పక్కన నూట పద్నాలుగు రీలు ఒకే ఒక్కటి మిగిలింది.

ఉమారాణి ఏదో చెప్పబోయింది. పోయేటప్పుడు మాట్లాడించొద్దని విసుక్కుని బండి తీశాడు. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా జేబు తడిమి చూసుకున్నాడు.

గానుగ దగ్గర పెనంలో పాకం కుతకుత ఉడుకుతోంది. ఆవిరి మధ్యలో తెల్ల తలపాగాతో లింబయ్య తెడ్డు తిప్పుతున్నాడు. మధుకర్ కెమెరా ఎత్తాడు, దించాడు. ఉన్నవి ముప్పై ఆరు ఫొటోలు. పోతే మళ్లీ రాని రోజు.

"మధుకరన్నా, పాకం నీ కోసం ఆగది. తీస్తవా, తియ్యవా?" అన్నాడు లింబయ్య.

దేవుడా అనుకుంటూ నొక్కాడు.

సాయంత్రం ఇంటికి రాగానే ఫిలిం కడిగి, ఆరబెట్టి, కాగితం మీదికి ఎక్కించాడు. మందునీళ్లలో బొమ్మ తేలుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టాడు. ఆవిరి పొరలు దేనికది విడిగా కనిపించాయి. మసిబారిన గోడ ముందు తలపాగా మడతలు లెక్కపెట్టొచ్చు. తన బతుకులో అంత మంచి ఫొటో ఎన్నడూ తీయలేదు.

"నూట పద్నాలుగు అంటే గిది," అన్నాడు. సంతోషం ఎంతోసేపు నిలవలేదు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇగ అయిపోయింది ఉమా. ఆ కొత్త ఫిలింతోని తీసుడు నాతోని కాదు. రేపే కెమెరా అమ్మేస్త."

ఆ మాటతో ఉమారాణి ముఖం పాలిపోయింది. వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎండాకాలంలో బాల్కొండ పెళ్లికి పోయి పది రోజులు ఉన్నప్పుడు, కరెంటు దండుగ ఎందుకని ఫ్రిజ్ తానే బంద్ చేశాననీ, అందులో నూట పద్నాలుగు ఫిలిం ఉన్న సంగతే మరిచిపోయాననీ మెల్లగా చెప్పింది. తిట్లు పడతాయని ఇన్నాళ్లూ దాచిందట.

మధుకర్ ఫొటో వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"అయితే ఏంది? గింత మంచిగ వచ్చింది కద."

"ఇయ్యాల్టి ఫొటో ఖరాబైతదని భయమైంది. అందుకే రెండు రీళ్ల మీద నంబర్లు అటుదిటు, ఇటుదటు మార్చి రాసిన," అంది ఉమారాణి. "పొద్దున మీరు చెత్తల పడేసిందే నూట పద్నాలుగు."