ముప్పై సెంటీమీటర్లు

“ఏవండీ పెద్దమనిషీ! ఆ దీపం ముట్టుకోకండి!”

తాన్యా గబగబా మంచం దిగి వచ్చింది.

కెనడాలోని మానిటోబాలో ఓ చిన్న ఊరి ఆసుపత్రి అది. ఆమె నాలుగు రోజుల పసివాడికి కామెర్లు. కళ్లకు గంతలు కట్టి నీలి దీపం కింద పడుకోబెట్టారు.

రెండు రోజులైనా పసుపు దిగలేదు.

“రేపటికి తగ్గకపోతే రక్తం మార్చాలి. మెదడుకెక్కితే చెవుడు రావచ్చు” అని చెప్పి వెళ్లాడు డాక్టరు. అప్పట్నుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

దీపం మీద చెయ్యి వేసిన ఎర్ర కోటు ముసలాయన పేరు ఓరెస్ట్. జీతం లేకుండా, వారానికోసారి వచ్చి దీపాలు చూసిపోతుంటాడు. వెలుగును కొలిచే, అరచేతిలో ఇమిడే మీటరును బిడ్డ పక్కన పెట్టాడు.

“తొమ్మిది. స్టాండు ఎవరు జరిపారమ్మా?”

“నేనే! నర్సు అటు వెళ్లగానే జరుపుతున్నా. ఒంటిమీద గుడ్డైనా లేకుండా ఆ వెలుగులో గుక్కపట్టి ఏడుస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?”

తల్లి ప్రాణం కదా, ఆమెను మాత్రం ఏమనగలం?

“ముప్పై సెంటీమీటర్లలో ఉండాలి. మీరు అరవైకి జరిపారు. దూరం రెండింతలైతే వెలుగు సగం కాదమ్మా, పావు వంతే అందుతుంది.”

స్టాండు దగ్గరకు లాగి మళ్లీ కొలిచాడు. ముప్పై ఆరు.

బిడ్డ కెవ్వుమన్నాడు.

“అయ్యో నా తండ్రీ! మీ లెక్కలకు నా బిడ్డే దొరికాడా? పిల్లల్ని కన్నవాళ్లెవరైనా ఇలా చేస్తారా?”

ఓరెస్ట్ ముఖం పాలిపోయింది.

నర్సు మార్లీన్ పరుగెత్తుకొచ్చింది.

“ఈయన మళ్లీ ఈ గదిలో కనబడితే ఊరుకోను. ఫిర్యాదు రాసిస్తా” అంది తాన్యా. అన్నంత పనీ చేసింది.

ఓరెస్ట్ ఆసుపత్రివాళ్లిచ్చిన ఆ ఎర్ర కోటు విప్పి నర్సు చేతికిచ్చాడు.

“దీపం మాత్రం జరపనివ్వకు తల్లీ” అని వెళ్లిపోయాడు.

మార్లీన్ స్టాండు పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది.

మర్నాటి పరీక్షలో కామెర్లు బాగా దిగాయి. రక్తం మార్చే గండం తప్పింది. తాన్యాకు తల కొట్టేసినట్టయింది.

రెండు వారాల తర్వాత బంగాళాదుంప కూరిన పెరోగీలు వండుకుని, బిడ్డనెత్తుకుని ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

తలుపు తీసినతనికి నలభై ఏళ్లుంటాయి.

“ఓరెస్ట్ గారున్నారా? క్షమించమని అడగాలి.”

అతను ఆమె పెదవులకేసే చూసి, లోపల్నుంచి కాగితం తెచ్చి రాసిచ్చాడు.

“నాన్న మొన్న ఆదివారం పోయారు. మీ బాబు సంగతి నాకు చెప్పారు. నాకు వినబడదండీ. నేను పుట్టినప్పుడు కామెర్లొస్తే, ఏడుస్తున్నానని జాలిపడి దీపాన్ని దూరం జరిపింది ఆయనే.”