అయిదో వాగు

"ఇంకో అడుగు ముందుకేశారంటే బాగుండదు మేడమ్," అన్నాడు కాపలాదారు, పంపుహౌస్ గేటుకు అడ్డంగా రెండు చేతులూ చాపి.

ఆ గేటు దాటితేనే వాగు. కొండ మొత్తం మీద కప్పలు మిగిలిన వాగు ఇప్పుడు అదొక్కటే. కిందున్న నాలుగు వాగులూ ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. కప్పల మంచిచెడ్డలు చూడమని ప్రభుత్వం పంపిన ఈవిణ్ని ఊళ్ళో మొదట్లో అందరూ కప్పల మేడమ్ అనేవారు. ఈమధ్య చాటున ఇంకో పేరు కూడా నడుస్తోంది. కాపలాదారుకు చాటుమాటు తెలియదు, మొహం మీదే అనేశాడు.

"మీది ఐరన్ లెగ్గంట మేడమ్. మీరు దిగిన వాగల్లా నెల తిరక్కుండా చచ్చూరుకుంటోంది."

మేడమ్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంత చదువూ చదివి, జలగల చేత కరిపించుకుంటూ కొండలన్నీ తిరిగి, చివరికి సంపాదించుకున్న బిరుదు ఇదన్నమాట. ఈ మనిషితో వాదించి లాభం లేదని కూడా ఆవిడకు తెలుసు. పొద్దున్నే పిల్లి ఎదురొస్తే మోటారు వెయ్యనని మొండికేసే రకం. ఆమధ్య ఎవరో తుమ్మారని పూటంతా ఊరికి నీళ్ళు ఆపేశాడు.

అయినా ఓపిక తెచ్చుకుంది. తప్పు తన కాలిది కాదనీ కాలానిదనీ నెమ్మదిగా చెప్పింది. ఒకప్పుడు ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకున్న ఊళ్ళో ఇప్పుడు ఇంటింటా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆ వేడికి కప్పలు ముందే నీరసపడుతున్నాయి. ఆపైన చర్మానికి బూజు పట్టే రోగం తగులుకుంటోంది. కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది కాబట్టి, బూజు కమ్మేస్తే ప్రాణం నిలవదు. అంతవరకూ తెలుసు. తెలియనిదల్లా ఒక్కటే. నీళ్ళేమో కిందికి పారతాయి, రోగం మాత్రం వాగు తర్వాత వాగుగా పైకి ఎక్కుతోంది. ఎలా ఎక్కుతోందో ఎవరికీ అంతుబట్టడం లేదు.

"మందు లేదా?" అన్నాడు కాపలాదారు.

"లేదు."

"మరి దిగి ఏం చేస్తారు?"

"చూస్తాను."

"ఆ నాలుగూ చూశారుగా."

ఆ మాట ఆవిడకు సూటిగా గుచ్చుకుంది. నిజమే, చూసింది. నిన్నమొన్నటిదాకా హోరెత్తిన చోట ఒక్క గొంతూ లేకపోవడం చూసింది. చచ్చి తేలిన వాటిని ఏరి సీసాల్లో వేసుకుని ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని ముద్ద మింగుడుపడక లేచిపోయింది. చేతులు కట్టేసి కొట్టినట్టుంటుంది ఆ ఉద్యోగం.

ఈ వాగు కప్పలకు ఇంకా రోగం అంటలేదని తేలితే కొన్నింటిని పట్నానికి తీసుకెళ్ళి తొట్లలో బతికించవచ్చని చెప్పింది. ఆ జాతికి మిగిలిన దారి అదొక్కటేననీ, అంటిందో లేదో తెలియాలంటే దిగక తప్పదనీ చెప్పింది. కాపలాదారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ కప్పల గోల లేకపోతే తన భార్యకు నిద్ర పట్టదనీ, తన గురక చాలడం లేదంటుందనీ సణుగుతూ గేటు తీశాడు.

"కనీసం కుడికాలన్నా ముందు పెట్టండి తల్లీ."

అతని సంతోషం కోసం కుడికాలే ముందు పెట్టింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అలికిడికి కప్పలన్నీ ఒక్కసారి నోళ్ళు మూసుకున్నాయి. మేడమ్ ఊపిరి బిగబట్టి నిలుచుంది. అవతలి గట్టు నుంచి ఒకటి అందుకుంది, దాని వెనక ఇంకొకటి, ఆ తర్వాత వాగు వాగంతా చెవులు గింగురుమనేలా మొదలెట్టింది.

ఒకదాన్ని పట్టి వెల్లకిలా తిప్పి చూసింది. చర్మం నిగనిగలాడుతోంది, మచ్చుకైనా బూజు లేదు. చేతికి కొత్త గ్లవ్ వేసుకుని ఇంకోదాన్ని పట్టింది. ఆ విషయంలో ఆవిడకు మహా పట్టింపు, ఒక కప్పను పట్టిన గ్లవ్‌తో రెండోదాన్ని ముట్టదు. అదీ బాగుంది. మూడోదీ బాగుంది. ఎన్నాళ్ళ తర్వాతో మేడమ్‌కు సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. కాపలాదారును పిలిచి, రోగం లేదు, ఒక్కదానికీ లేదు అని చెప్పింది.

"అయితే మీ కాలు మంచిదేనమ్మా, జనం నోటికి అడ్డేముంది," అన్నాడతను గట్టు మీద చతికిలబడుతూ.

జేబులో ఫోన్ మోగింది. పట్నం ల్యాబులో పనిచేసే వదిన. మేడమ్ పంపిన మట్టి పొట్లాలు పరీక్ష చేసేది ఆవిడే. మేడమ్ ఈ శుభవార్త చెప్పబోయేలోపే వదిన అందుకుంది. నాలుగు వాగుల మట్టిలోనూ రోగం ఉందట. అది అనుకున్నదే.

"కానీ నువ్వు పేరు రాయని పొట్లం ఒకటుంది చూడు, ఆ నాలుగూ కలిపినా అందులో ఉన్నంత లేదు. రోగానికి పుట్టిల్లు అదేననిపిస్తోంది. ఏ వాగుది అది?"

"అది వాగుది కాదు వదినా. పోల్చి చూడటానికి, కప్ప మొహం ఎరగని చోటి మట్టి కూడా ఒకటి పంపమన్నావుగా. మా ఇంటి గుమ్మంలో ఊడ్చి పంపాను. నేను వచ్చి బూట్లు విప్పే..."



"నువ్విప్పుడు ఎక్కడున్నావు?" అంది వదిన, గొంతు తగ్గించి.

మేడమ్ తల వంచి చూసుకుంది. చుట్టూ కప్పలు పాడుతూనే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో అవే బూట్లు, వాటికంటిన పాత మట్టి అప్పటికే కరిగి వాగులో కలిసిపోయింది.