చాటున విన్న మాట

"సాయంత్రంలోపు ఒక్క పేరు చెప్పు రోహన్. ఇంకా సాగదీస్తే నేనేం చేయలేను," అని మేనేజర్ హెలెన్ ఫోన్ పెట్టేసింది.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఓ చిన్న వర్క్‌షాప్ ముందు, కారులో కూర్చుని ఉన్నాడు రోహన్. పేరు చెప్పాల్సింది అతనే. బ్రాక్‌నెల్‌లో వాళ్ళ కంపెనీ ఆసుపత్రులకి పంపులు తయారుచేస్తుంది. పసిపిల్లలకి మందు బొట్టుబొట్టుగా ఎక్కించే పంపులు. వాటి లోపల చిటికెన వేలి గోరంత స్టీలు పిన్ను ఒకటి ఉంటుంది. అది సాఫీగా కదలకపోతే మందు ఆగిపోతుంది. కిందటిసారి కొన్న పిన్నులు బిగుసుకుపోయి పంపులన్నీ వెనక్కొచ్చాయి. అదృష్టం బాగుండి ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. మరోసారి అదృష్టాన్ని నమ్ముకునే ధైర్యం రోహన్‌కి లేదు.

చేసిస్తామన్నవాళ్ళు ముగ్గురు. ఇద్దరిని ఇప్పటికే చూసొచ్చాడు. ఇద్దరి శాంపిళ్ళూ కొలతకి సరిపోయాయి. ఇద్దరి సర్టిఫికెట్లూ గోడమీద ఒకేలా వేలాడుతున్నాయి. శాంపిల్ ఎవరైనా బాగానే చేస్తారు, పెళ్ళిచూపులకి ఇస్త్రీ చొక్కా వేసుకున్నట్టు. ఆర్డరొచ్చాక, వేలకు వేలు ముక్కలు కోసేటప్పుడు, పక్కన ఎవరూ లేనప్పుడు ఎలా చేస్తారు? అది కొలిచే మీటరు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. రోహన్‌కి ఏడుపొక్కటే తక్కువ.

లోపల ఓనర్ చలపతి, ఆయన బావమరిది చక్రి ఎదురొచ్చి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే. పిన్నుల ట్రే తెచ్చి ముందు పెట్టారు. రోహన్ ఒక్కొక్కటే తీసి మెషీన్ కింద పెట్టి కొలుస్తున్నాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్ళీ అదే కథ అనుకుని నీరసపడిపోయాడు.

అప్పుడు వెనకనుంచి తెలుగు వినిపించింది.

"బావా, మొన్నటి ట్రే సంగతి ఎత్తకు," అన్నాడు చక్రి.

"మెల్లగా మాట్లాడరా."

"ఏం కాదులే. చూస్తే గుజరాతీ కుర్రాడిలా ఉన్నాడు. మన గోల అతనికెక్కడ అర్థమవుతుంది?"

రోహన్ చెయ్యి ఆగిపోయింది. ఈ దేశంలోనే పుట్టినవాడు. తెలుగు ప్రతి ముక్కా తెలుస్తుంది గానీ నోరు తెరిస్తే ఇంగ్లీషే వస్తుంది. అమ్మ తెలుగులో తిడితే ఇంగ్లీషులో సారీ చెప్పే రకం. 'నాకు అర్థమవుతోంది' అని చెప్పెయ్యడం మర్యాద. కానీ చెప్పలేదు. తల ఇంకాస్త వంచి, లేని గీతని వెతుకుతున్నట్టు పిన్నుని చూశాడు.

"ఎత్తడానికేముందిరా? ట్రే మొత్తం తుక్కులో పడేశాగా," అన్నాడు చలపతి.

"మొత్తమా! ఆ మాత్రం తేడా ఎవడు పట్టుకుంటాడు బావా? వాళ్ళ మెషీన్‌కి కూడా అందదు."

"మెషీన్‌కి అందకపోతే? నాకు తెలుసుగా. పసిగుడ్డుకి మందెక్కించే పంపురా అది. నా పిన్ను వల్ల ఓ బిడ్డకి ఏమన్నా అయితే నాకు ముద్ద దిగుతుందా?"

"ఆర్డర్ పోతేనో?"

"పోనీ. ఇంకోటి చూసుకుందాం."

రోహన్‌కి తలుపు చాటున నిలబడి వింటున్నట్టు సిగ్గేసింది, మరుక్షణమే ఆ సిగ్గు ఎగిరిపోయింది. మనకి అర్థం కాదనుకున్న భాషలో ఎవరైనా మన ముందు అబద్ధమెందుకు చెప్పుకుంటారు? అయినా ఒక్కసారి పరీక్షిద్దామని వెనక్కి తిరిగి, పాడైన ముక్కలేమైనా వచ్చాయా అని ఇంగ్లీషులో అడిగాడు.

చక్రి నేలచూపులు చూశాడు. చలపతి మాత్రం తడుముకోలేదు. "ఒక ట్రే వచ్చింది. మొత్తం తుక్కులో పడేశాను," అన్నాడు ఇంగ్లీషులో.

ఇంకేం కావాలి? రోహన్ బయటికొచ్చి హెలెన్‌కి ఫోన్ చేశాడు.

"నాటింగ్‌హామ్ వాళ్ళకే ఇద్దాం."

"కారణం? నేను రాసుకోవాలి."

కారణం చెప్పే దారి లేదు. వాళ్ళ సొంత మాటలు దొంగచాటుగా విన్నానని ఎలా చెప్తాడు? "మనుషుల మీద నమ్మకం కుదిరింది," అన్నాడు.

"బోలెడు రోజులు తిరిగి తెచ్చిన కారణం ఇదా!" హెలెన్ నిట్టూర్చింది. "సరే. మిగతా ఇద్దరికీ కుదరదని ఇప్పుడే పంపించేస్తున్నా. ఆర్డర్ కూడా వెళ్ళిపోతుంది. మళ్ళీ మనసు మార్చుకున్నానని నా దగ్గరికి రాకు."

"రాను," అన్నాడు రోహన్ హాయిగా. ఇన్నాళ్ళకి గుండెమీద బరువు దిగింది.

ఆర్డర్ మెయిల్ అందగానే చక్రి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. రోహన్‌ని మళ్ళీ లోపలికి పిలిచి టీ ఇచ్చారు. బిస్కెట్లు తినమని బలవంతపెట్టారు. చలపతి కారు దాకా వచ్చి, రోహన్ సీటు బెల్టు పెట్టుకునేదాకా ఆగి, కిటికీలోంచి భుజం తట్టాడు. ఈసారి ఇంగ్లీషు లేదు.

"జాగ్రత్తగా వెళ్ళు నాన్నా. నువ్వు తెలుగు మాట్లాడవు గానీ ఒక్క ముక్క వదలకుండా అర్థమవుతుందని మొన్న ఉగాది ఫంక్షన్‌లో మీ నాన్న రఘువీర్ చెప్పాడులే!"