డాక్టరమ్మ ఇచ్చిన ఇరవై ఏళ్లు

"బీపీ అదుపులోకొచ్చింది. పన్నెండు కిలోలు తగ్గారు. ఇలాగే ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు ఢోకా లేదు," అంది డాక్టరమ్మ మిలూటిన్‌తో.

రాడోయ్కా కళ్లు తుడుచుకుంది. అరవై ఏళ్ల మొగుడి చేత రాకియా సారా మాన్పించడానికి ఏడాదిగా ఆమె పడని పాట్లు లేవు.

"విన్నావా మిలూటిన్? ఇరవై ఏళ్లట!" అంది చాచక్ పట్నం బస్టాండులో, అతని చెయ్యి పట్టుకుని.

అతను చెయ్యి విడిపించుకున్నాడు. "తాగిన మత్తులో కాబట్టి ఇన్నాళ్లూ నీ మొహం చూస్తూ గడిపేశాను. ఇంకో ఇరవై ఏళ్లు తెలివిలో ఉండి చూడాలా?"

ఆమె బస్సెక్కింది. ఊళ్లో దిగగానే దుకాణానికి వెళ్లొచ్చింది.

భోజనం వేళ అతని ముందు పంది కొవ్వు వేపుడు పెట్టింది. గ్లాసులో అంచుదాకా రాకియా పోసింది.

అతని మొహం వెలిగిపోయింది. "డాక్టరమ్మ వద్దంది కదే?"

"తాగు," అంది రాడోయ్కా మెత్తగా. "ఇకనుంచి రోజూ నేనే పోస్తాను."